సైటేషన్లు చూసి గైడ్‌ను ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చివరి సెమిస్టర్ చదువుతోంది. న్యూరోఫార్మకాలజీలో, అంటే మెదడు, నరాలపై మందుల పనితీరు మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇద్దరు గైడ్‌లు దృష్టిలో ఉన్నారు. పరిశోధన పత్రాల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒకాయనకు 4,000 సైటేషన్లు (ఆయన పత్రాల్ని ఇతరులు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 32. రెండో ఆవిడకు సైటేషన్లు 600, హెచ్-ఇండెక్స్ 13. ఆయన దగ్గరే చేరమని నేనంటుంటే, ఆవిడే నయమని అమ్మాయి పట్టుబడుతోంది. ఏది మంచిది?

సమాధానం: ఈ అంకెలతో ఇద్దర్నీ తూచలేమండీ. అలాగని మీ అమ్మాయి మాటే రైటనీ ఇప్పుడే చెప్పలేను. ఆవిడ నయమనడానికీ ఆధారం కావాలి కదా.

హెచ్-ఇండెక్స్ 13 అంటే, కనీసం పదమూడేసి సార్లు ఇతర పత్రాల్లో ప్రస్తావనకు వచ్చిన పత్రాలు పదమూడు ఉన్నాయని. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ఈ లెక్క ప్రతిపాదించారు. ఇది కాలంతోపాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే ముందు ఇద్దరి సర్వీసు ఎంతో కనుక్కోండి. పాతికేళ్ల సీనియర్‌ని, పదేళ్ల క్రితం చేరినవారితో పోల్చి లాభం లేదు.

పైగా ఈ రంగంలో ఇతరుల పరిశోధనల్ని సమీక్షించే రివ్యూ పత్రాలకు, పద్ధతులు చెప్పే పత్రాలకు సైటేషన్లు విరగకాస్తాయి. జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ను మెదడులో విడగొట్టే అసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను కొలిచే పద్ధతిని ఎల్‌మన్ బృందం 1961లో ప్రచురించింది. ఏదో ఒక మొక్క సారం మతిమరుపుకు పనిచేస్తుందా అని చూసేవాళ్లు ఇప్పటికీ దాన్నే ఉదహరిస్తుంటారు. ఇక సైటేషన్లున్నంత మాత్రాన పత్రం నిజమనీ కాదు. అల్జీమర్స్‌పై 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పత్రాన్ని వేలసార్లు ఉదహరించాక, బొమ్మల్లో మార్పులు చేసినట్టు తేలి 2024లో వెనక్కి తీసుకున్నారు.

మరి ఏం చూడాలి? స్కాలర్ ప్రొఫైల్ తెరవగానే ఎక్కువ సైటేషన్లున్నవే పైన కనిపిస్తాయి. సంవత్సరం అన్నచోట నొక్కితే తాజావి పైకొస్తాయి. గత ఐదేళ్లవి చూడండి. రివ్యూలు పక్కన పెట్టి, ప్రయోగాలు చేసిన పత్రాల్లో మొదటి పేరు ఎవరిదో గమనించండి. సాధారణంగా మొదట విద్యార్థి పేరు, చివర గైడ్ పేరు ఉంటాయి. ఎప్పుడూ బయటివాళ్ల పేర్లే ముందుండి, సొంత పీహెచ్‌డీ స్కాలర్లు మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటే నాకు నచ్చదు. నా దృష్టిలో 4,000 కన్నా ఈ పేర్ల వరుసే ముఖ్యం.

తర్వాత ఒక్కో గైడ్‌వి రెండేసి పత్రాలు తీసి, ప్రయోగం ఎలా చేశారో రాసిన భాగం మీ అమ్మాయిని చదవమనండి. ఉదాహరణకు, ఆందోళన తగ్గించే మందుల్ని పరీక్షించే ఎలివేటెడ్ ప్లస్ మేజ్ ఉంది. నేలకు అర మీటరు ఎత్తున, కూడిక గుర్తు ఆకారంలో నాలుగు చేతులు. రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయపడే ఎలుక గోడల మధ్యే నక్కుతుంది. ఆందోళన తగ్గించే డయాజెపామ్ ఇస్తే గోడల్లేని చేతుల్లోకి వచ్చి తిరుగుతుంది. ఎలుక ఎక్కడ ఎంతసేపు ఉందో స్టాప్‌వాచ్‌తో కొలిచే మనిషికి ఏ ఎలుకకు మందు ఇచ్చారో తెలిస్తే, తెలియకుండానే చెయ్యి అటు మొగ్గుతుంది. కాబట్టి అది తెలియని మనిషే లెక్కించారా, గ్రూపుకు ఎన్ని జంతువులు, ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు ఇచ్చారా అన్నవి పత్రంలో ఉండాలి. ఇవి శ్రద్ధగా రాసే ల్యాబ్‌లో పిల్లలు పని నేర్చుకుంటారు.

మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో గైడ్ పేరుతో వెతికితే వారి కింద సమర్పించిన థీసిస్‌లు దొరుకుతాయి. ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారో, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టిందో ఆరా తీయండి. పెళ్లి సంబంధానికి తీసినంత పట్టుగా తీసినా తప్పులేదు. ఆంధ్రా యూనివర్సిటీ అయినా, రుషికొండ గీతమ్ యూనివర్సిటీ అయినా మీకు బస్సు దూరమే. పాత స్కాలర్లను కలిసి, ఎలుకలు కావాలంటే ఎన్నాళ్లు ఆగాలి, వారానికి ఎన్నిసార్లు గైడ్ దొరుకుతారు అని అడగమనండి.

ఇవన్నీ ఆయన వైపే మొగ్గితే సంతోషంగా ఆయన దగ్గరే చేర్చండి. డబ్బు కట్టి పత్రం వేయించకపోతే థీసిస్ తీసుకోరని ఎవరైనా అంటే మాత్రం ఆ యూనివర్సిటీ రూల్ రాతపూర్వకంగా చూపించమనండి. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పత్రం తప్పనిసరి అన్న షరతు తీసేశారు. అప్పటికీ ఇద్దరూ సమానంగానే అనిపిస్తే, ఎవరి ప్రాజెక్టులో ఫెలోషిప్ ఉందో, అది ఇంకా ఎన్నేళ్లు నడుస్తుందో కనుక్కుని తేల్చుకోండి.