డాక్టర్ సలహా: కీమో నడుస్తున్న కుక్క గిన్నె ముట్టకపోతే...

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా లాబ్రడార్ బ్రూనోకి ఎనిమిదేళ్లు. దవడ కింద బిళ్లలు కడితే పరీక్ష చేయించాం, లింఫోమా (లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్) అన్నారు. కీమో ఇంజెక్షన్లతో పాటు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాం. మొన్న ఇచ్చిన కీమో ఇంజెక్షన్ విన్‌క్రిస్టిన్. 30 కిలోలు ఉండేవాడు 28కి వచ్చాడు. గిన్నె దాకా వస్తాడు, వాసన చూసి వెళ్లిపోతాడు. నోరు తెరిచి ముద్దలు పెడుతున్నాం. అన్నం పెడితే క్యాన్సర్ పెరుగుతుందని పక్కింటివాళ్లు చెబితే మానేశాం. మా అత్తయ్య బొప్పాయి ఆకు రసం పట్టిస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం పెట్టమంటారు?

జవాబు: ఏం పెట్టాలో తర్వాత చెబుతాను. ముందు నోట్లో ముద్దలు కుక్కడం ఆపేయండి. వాడు గిన్నె దాకా వస్తున్నాడంటే ఆకలి ఉందనే. వాసన తగలగానే కడుపులో తిప్పుతోంది, అందుకే వెళ్లిపోతున్నాడు. మాటిమాటికీ మూతి నాక్కోవడం, చొంగ కార్చడం, గుటకలు మింగడం కనిపిస్తే అది వికారమే అనుకోండి. జ్వరంలో తిని వాంతి చేసుకున్న ఇడ్లీ ఆ తర్వాత ఎన్నాళ్లో మనకు సయించదు కదా, వాడికీ అంతే. వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా పెట్టింది చికెన్ అయినా సరే, వికారం తగ్గాక కూడా దాన్ని ముట్టడు. పైగా ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

కాబట్టి మీకు ముందు కావాల్సింది వంటకం కాదు, వికారం తగ్గించే మందు. మారోపిటాంట్, ఒండాన్‌సెట్రాన్ లాంటివి ఉన్నాయి. కీమో ఇచ్చే డాక్టర్‌ను అడిగితే వాడి బరువును బట్టి రాస్తారు. వికారం అదుపులోకి వచ్చాకా తినకపోతే ఆకలి పుట్టించే మిర్టాజపిన్ ఉంది. మీ ఇంట్లో మనుషులకు వాడే మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, కాబట్టి విరేచనం ఎప్పుడు అయిందో కూడా డాక్టర్‌కు చెప్పండి. ఇంకో సంగతి, ప్రెడ్నిసలోన్ వాడే కుక్కకు మామూలుగా ఆకలి పెరగాలి. అది వాడుతూ కూడా తినడం లేదంటే తేలిగ్గా తీసుకోకూడదు. తినడం లేదు కదా అని ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయడమూ ప్రమాదమే.

ఇక తిండి. 28 కిలోల కుక్కకు ఊరికే పడుకుని ఉన్నా రోజుకు 850 కిలోకేలరీల దాకా కావాలి. చర్మం తీసి ఉడికించిన బోన్‌లెస్ చికెన్ 300 గ్రాములు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక కప్పు మెత్తటి అన్నం కలిపితే దాదాపు అంత వస్తుంది. దాన్ని ఐదారు సార్లుగా పెట్టండి. వాడు సగమే తిన్నా మొదటి రెండు రోజులు నయమే అనుకోవాలి. అన్నం మానేయాల్సిన పని లేదు. పిండిపదార్థాలు తగ్గిస్తే గడ్డ తగ్గుతుందన్న గట్టి రుజువు కుక్కల్లో లేదు, బరువు తగ్గితే వచ్చే నష్టం మాత్రం కళ్ల ముందే ఉంది. అయితే ఈ చికెన్-అన్నం కొద్ది రోజులకే. ఇందులో కాల్షియం లాంటివి చాలవు, నెలల తరబడి పెట్టాలంటే డాక్టర్‌తో కలిసి కొలత వేసుకోవాలి.

ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టకండి. చేత్తో తాకితే గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే వాసన వస్తుంది. చికెన్ ఉడికిన నీళ్లు రెండు గరిటెలు పోయండి. ముళ్లు తీసిన కొరమీను ముక్క కలిపితే కొన్ని కుక్కలు లేచి వస్తాయి. మన గుంటూరు వంటింట్లో అసలు చిక్కు పోపు దగ్గరే. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి నాటుకోడి పులుసు, బిర్యానీ ముక్కలు కడిగి పెట్టినా వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా వద్దు. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి పచ్చి మాంసం, పచ్చి గుడ్డు జోలికి పోకండి. 20 నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. ఈ ఎండలకు అది అక్కడే పాడవుతుంది, వాసనకు వాడికి ఇంకా తిప్పుతుంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టి చూడండి. మాత్రలు మాత్రం భోజనంలో కలపొద్దు.

బొప్పాయి ఆకు రసం ఆపించండి. అత్తయ్యగారిది ప్రేమే, కాదనను. కానీ అసలే వికారంగా ఉన్న నోట్లో అంత చేదు పోస్తే ఆవిడ చెయ్యి చూస్తేనే వాడు మొహం తిప్పుకొంటాడు. ఆ చేత్తోనే రెండు చికెన్ ముక్కలు అందించమనండి, బతిమాలకుండా.

24 గంటలు ఏమీ తినకపోయినా, నీళ్లు కూడా నిలవక వాంతులైనా, జ్వరం 103 డిగ్రీలు దాటినా ఆగకండి. ఇంజెక్షన్ తర్వాత వారం, పది రోజుల మధ్య జ్వరం వస్తే అర్ధరాత్రయినా డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. రోజులు గడిచినా తినకపోతే మెడ పక్క నుంచి ఫీడింగ్ ట్యూబ్ వేస్తారు. పేరు వినగానే భయపడతారు గానీ, నోరు తెరిచి కుక్కడం కంటే అది వాడికి చాలా సుఖం. కీమో మందు మోతాదు తగ్గించడం, మందు మార్చడం కూడా డాక్టర్ చేతిలో ఉన్నవే. అందుకే రోజూ ఎంత తిన్నాడో, వారానికోసారి ఎంత తూగాడో రాసిపెట్టి, వచ్చే ఇంజెక్షన్‌కు ముందే ఆ కాగితం చూపించండి.