టోకెన్ వాడి చేతికివ్వు

నరసాపురం

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బుడ్డోడికి ఇంట్లో నువ్వే ఇంగ్లిష్ నేర్పాలనుకుంటున్నావనీ, దానికోసం బొమ్మ రైలు కొన్నావనీ చెప్పాడు. మూడున్నరేళ్ల పిల్లాణ్ని ట్యూషన్‌కి తోలకుండా, చేతికి ఫోన్ ఇచ్చి వదిలెయ్యకుండా, పక్కన కూర్చుని ఆడిస్తూ నేర్పాలని నీకు తోచినందుకు నాకెంత గర్వంగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. బొమ్మ రైలు ముందు పెట్టుకుని పిల్లాడికి ఇంగ్లిష్ నేర్పడానికి నేనూ ఒకప్పుడు కూర్చున్నాను. ఏమైందో మీ నాన్నకి పూర్తిగా తెలియదు. నీకు చెబుతాను. ముందు నా భయాలు రాయనీ, అవి దిగితే గానీ మిగతాది రాయలేను.

రైలంటే ఇష్టం పెరిగిన పిల్లాడు నిజం రైలు చూడాలంటాడు. చూపించు. రాజమండ్రిలో ఉన్నారు, గోదావరి గట్టు మీద కూర్చోబెట్టి చూపించు, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి చూపించు. పట్టాల దగ్గరికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకు. పట్టా మీద రూపాయి బిళ్ల పెట్టడం, కంకరరాళ్లు ఏరుకోవడం, ఫొటో కోసం మధ్యలో నిలబెట్టడం, ఏదీ వద్దు. ఒక్కసారి అమ్మతో కలిసి వెళ్లిన చోటికి పిల్లలు మరోసారి ఒంటరిగా వెళ్తారు. ఆవిరి ఇంజను వస్తుంటే భూమి అదిరేది, ఇప్పటి కరెంటు ఇంజను అంత దూరం నుంచి తెలియదు. స్టేషన్ మాస్టరుగా నేను చూసినవి నీకు రాయను. ప్లాట్‌ఫారం అంచున పసుపు గీత ఉంటుంది కదా, ఇంట్లో కూడా బొమ్మ స్టేషన్ దగ్గర సుద్దముక్కతో అలాంటి గీత గియ్యి. బొమ్మలన్నీ దాని వెనక నిలబడాలి. ‘స్టాండ్ బిహైండ్ ద యెల్లో లైన్’ అని రోజూ నువ్వు బొమ్మలకి చెప్పు, వాడికి చెప్పకు. వారం తిరక్కుండా వాడే చెబుతాడు వాటికి. ఇంకే మాటా రాకపోయినా ఆ మాట వస్తే నాకు చాలు.

రెండో భయం బ్యాటరీలు. లైటు వెలిగే బొమ్మల్లో ఉండే బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల కాలిపోవచ్చు. స్క్రూ బిగించిన మూత లేని బొమ్మ ఇంట్లోకి రానివ్వకు. పెట్టెలు అతుక్కోవడానికి ముందూ వెనకా చిన్న అయస్కాంతాలు పెడతారు, అవి ఊడొచ్చేలా ఉన్నాయేమో వారానికోసారి గోరుతో లాగి చూడు. రెండు అయస్కాంతాలు కడుపులోకి పోతే పేగుని మధ్యలో ఇరికించుకుని అతుక్కుంటాయి. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పరుగెత్తు.

మిగతా సంగతులు నీకు తెలిసినవే. రోజూ ఒకే వేళకి కూర్చో, ఇరవై నిమిషాలు చాలు, టీవీ ఆపెయ్యి, వాడికి ఇంకా ఆడాలని ఉండగానే లేచిపో.

ఇక నా సంగతి. అది 1985. చిన్న స్టేషన్, ఒంటి లైను. మీ అన్నయ్యకి నాలుగేళ్లు. మా స్టేషన్లో బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ వేపచెక్కతో వాడికో ఇంజనూ మూడు పెట్టెలూ చేసిచ్చాడు. చక్రాలు కూడా చెక్కవే, మేకులతో బిగించాడు. మా క్వార్టర్ వరండాలో రెండు సుద్దగీతలు గీసుకుని మీ అన్నయ్య పొద్దస్తమానం ఆ రైలు నడిపేవాడు. ‘కూ’ అనేవాడు, ‘చుక్ చుక్’ అనేవాడు, మధ్యలో గొంతు పెద్దది చేసుకుని ‘భీమవరం, వీరవాసరం, పాలకొల్లు’ అని స్టేషన్లు పిలిచేవాడు. ఆ సందడి నా ఆఫీసు గదిలోకి వినపడేది.

ఆ ఏడు ఒక కాన్వెంటులో సీటు కోసం దరఖాస్తు పెట్టాను. పిల్లాణ్ని ఇంగ్లిష్‌లో నాలుగు ప్రశ్నలు అడుగుతారన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ని. పై ఆఫీసర్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి ఇంగ్లిష్‌లో ఏదైనా అడిగితే, తెలిసిన జవాబు కూడా గొంతులో ఆగిపోయేది. నా కొడుక్కి ఆ గతి పట్టకూడదనుకున్నాను. డ్యూటీ దిగి వచ్చి వాడి ముందు కూర్చుని, నడుస్తున్న రైలుకి అడ్డంగా చెయ్యి పెట్టేవాణ్ని. ‘వాట్ ఈజ్ దిస్?’ ‘ఇంజను’ అంటే ఒప్పుకునేవాణ్ని కాదు, ‘దిస్ ఈజ్ ఏన్ ఇంజిన్’ అనాలి. ‘వాట్ కలర్?’ ‘హౌ మెనీ?’ చెబితే చెయ్యి తీస్తాను. చెప్పకపోతే ఇంజను బీరువా మీదికి పోతుంది. అన్నం తినేటప్పుడు మళ్లీ అడుగుతాను, అప్పుడు చెబితే కిందికి దించుతాను. వాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. అందుకే అంతా బాగానే ఉందనుకున్నాను.

ఒక రోజు మీ పెద్దమ్మ వడ్డిస్తూ, “మీరు మెట్టెక్కగానే వాడి రైలు కూయడం మానేస్తోందండీ, చూశారా?” అంది. నేను చూడలేదు. మర్నాడు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆడుతున్నాడు, స్టేషన్లు పిలుస్తున్నాడు. ఒక్క అడుగు లోపలికి వేశాను. పెదవులు కదులుతూనే ఉన్నాయి గానీ చప్పుడు లేదు. నావైపు చూడకుండానే ఇంజన్ని మెల్లగా జరిపి, బియ్యం డబ్బా వెనక్కి తోసేశాడు.

ఆ రోజైనా మానాల్సింది. ఇంటర్వ్యూకి పది రోజులే ఉందని మానలేదు. అక్కడ టీచరమ్మ ఒక బొమ్మ కారు చూపించి, ఎంతో ముద్దుగానే, ‘వాట్ ఈజ్ దిస్?’ అంది. వాడు కారు వైపు చూడలేదు, నా చేతి వైపు చూశాడు. నోరు విప్పలేదు. సీటు రాలేదు, దాని గురించి నాకిప్పుడు బాధ లేదు. తర్వాత వేరే బళ్లో చదివాడు, ఇంగ్లిష్ కూడా వచ్చింది, హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చేస్తున్నాడని నీకు తెలుసు. కానీ ఆఫీసు వాళ్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే ఈనాటికీ ముందు కాగితం మీద రాసుకుంటాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద ఫోన్లో మాట్లాడుతుంటే చూశాను, చేతిలో కాగితం వణుకుతోంది. 40 దాటిన మనిషి, అమ్మలూ.

నువ్వలా చెయ్యవని నాకు తెలుసు. కానీ గోడకి చార్ట్ అంటించావట, రోజుకి పది మాటలట, నెలాఖరున అన్నీ అడుగుతావట! మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు. ఈ ఉత్తరం చదవగానే ఆ చార్ట్ పీకెయ్యి. దాచొద్దు కూడా, చించెయ్యి. పిల్లాడి ఆటలోకి పరీక్ష రాకూడదు.

కోప్పడ్డానని కళ్లనీళ్లు పెట్టుకోకు. నీకు బుడ్డోడి వయసప్పుడు వేసవి సెలవులకి మా క్వార్టర్‌కి వచ్చావు. గూడ్సు పాస్ అవుతుంటే నా పక్కన నిలబడి పచ్చజెండా పట్టుకున్నావు. బండి వెళ్లిపోయినా దించనన్నావు. నిన్ను ఎత్తుకుని ఇంటికి తీసుకొస్తే నిద్రలో కూడా పిడికిలి విప్పలేదు. ఆ రోజు జెండా లేకుండానే రాత్రి డ్యూటీకి వెళ్లి, ఇంకోటి వెతుక్కున్నాను. నీ కొడుకు కూడా అలాగే పట్టుకుంటాడు, చూస్తూండు.

ఆ ఇంజను చేసిన పాయింట్స్‌మన్ ఒక్క రోజు కూడా బడికి వెళ్లలేదు. వేలిముద్ర వేసి జీతం తీసుకునేవాడు. అయినా లూప్ లైను, షంటింగు, కప్లింగు, డెడ్ ఎండు, లైన్ క్లియరు, ఎన్ని మాటలో! అర్ధరాత్రి నిద్ర మత్తులో కూడా ఒక్కటి తప్పేవాడు కాదు. ‘ఎలా గుర్తుంటాయయ్యా?’ అని అడిగితే, ‘చెయ్యి పడ్డ మాట ఎక్కడికి పోతదండి, ఆయ్’ అనేవాడు. పాయింట్ లివరు లాగుతూ నేర్చుకున్న మాటలవి. ఆయన నా ఎదురుగానే ఉన్నాడు, నాకు మాత్రం ఆ సంగతి తట్టలేదు.

అందుకని నేను ఇప్పుడైతే ఎలా ఆడించేవాణ్నో చెబుతాను. మన లైను ఒంటిగా ఉన్న రోజుల్లో టోకెన్ బంతి ఉండేది, నువ్వు చూశావు, ఇనుప బంతి. దాన్ని తోలు సంచిలో వేసి, బెత్తం రింగుకి కట్టి డ్రైవరుకి అందించేవాళ్లం. అది చేతికి అందకపోతే బండి కదలకూడదు. ఆ బంతి నా స్టేషన్లోని టోకెన్ మిషన్లోంచి బయటికి రావాలంటే అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకోవాలి. నేను గంట కొట్టి అడగాలి, ఆయన గంట కొట్టి ఇవ్వాలి. ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. రెండో లైను పడ్డాక ఆ బంతులు పోయాయి, మీ ఇంట్లో మళ్లీ తెచ్చుకో. వంటింటి గుమ్మం ఒక స్టేషన్, హాలు చివర ఇంకో స్టేషన్. నువ్వు ఇటు మాస్టరువి, వాడు అటు మాస్టరు. రబ్బరు బంతి వాడి దగ్గర పెట్టు. పళ్లెం మీద గరిటెతో కొట్టి ‘ఈజ్ ద లైన్ క్లియర్?’ అని నువ్వు అడుగు. మొదటి రోజుల్లో బంతి దొర్లిస్తాడు, అంతే. దొర్లించనీ. కొన్నాళ్లకి బంతి వెనక దాచుకుని ‘నో! వెయిట్!’ అంటాడు. అన్నాడా, ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. నువ్వు నిజంగానే ఆగాలి. పాలు పొంగుతున్నా సరే, స్టవ్ కట్టేసి వచ్చి మళ్లీ ఆగు. నేను చేసిన తప్పంతా ఆ బంతి నా గుప్పిట్లో పెట్టుకోవడమే.

మన తెలుగులో చాలాసార్లు ‘మీద’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఇంగ్లిష్‌లో పట్టా మీద అంటే ‘ఆన్’, రైలు మీద నుంచి విమానం పోతే ‘ఓవర్’. ఇవి చెబితే వాడికి అర్థం కావు, చూపించాలి. అందుకు రాజమండ్రిని మించిన ఊరు లేదు. 1974లో కట్టిన వంతెన చూపించు, కింద రైలు, పైన రోడ్డు. ఇంటికొచ్చాక చెప్పుల పెట్టెలతో అదే కట్టండి. రైలు ‘అండర్’, కారు ‘ఆన్ టాప్’. పడవ కూడా పెట్టు, అది అన్నిటికంటే కింద. పాత హేవ్‌లాక్ వంతెన దగ్గర కాసేపు ఆగు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసింది, ఇప్పుడు దాని మీద రైళ్లు లేవు. ‘నో ట్రైన్స్. ఇట్ ఈజ్ రెస్టింగ్’ అని చెప్పు. పిల్లలకి అలాంటివి గుర్తుండిపోతాయి. వేసవిలో ముంజికాయల బండి చేసివ్వమని మీ నాన్నకి చెప్పు. ‘వీల్’, ‘పుష్’, ‘ఫాస్ట్’, ‘స్లో’ అన్నీ దాంతోనే వచ్చేస్తాయి, డబ్బు పెట్టి కొనేదేమీ లేదు.

కొన్నాళ్లు వాడు నోరెత్తకపోవచ్చు. నెలలు పట్టొచ్చు. అర్థమవుతోందా లేదా అన్నది చేతుల్లో చూడు, ‘గివ్ మీ ద రెడ్ కోచ్’ అంటే ఎర్ర పెట్టె అందిస్తున్నాడా, అది చాలు. మనం బోగీ అంటాం గానీ, ఇంగ్లిష్‌లో అది పెట్టె కింద చక్రాలుండే చట్రానికి పేరు. నువ్వు కోచ్ అను, వాడు బోగీ అంటే అననీ. మాట్లాడడం మొదలుపెట్టాక మన వరసలోనే మాట్లాడతాడు. ‘ట్రైను బ్రిడ్జి అండర్ గోయింగ్’ అంటాడు. నవ్వొద్దు, తప్పనొద్దు, ఇంటికొచ్చిన వాళ్లకి చెప్పి ముచ్చటపడొద్దు. ‘యెస్! ద ట్రైన్ ఈజ్ గోయింగ్ అండర్ ద బ్రిడ్జ్!’ అని సంతోషంగా తిరిగి అను. మళ్లీ అనమని అడగకు. వందసార్లు విన్నాక నూటొకటోసారి అదే వస్తుంది.

ఇంకొక్కటి. ఆ ఇరవై నిమిషాలు ఇంగ్లిష్, మిగతా రోజంతా తెలుగు. అల్లుడు ఇంట్లో అందరం ఇంగ్లిషే మాట్లాడదాం అంటున్నాడట, పెదనాన్న వద్దన్నాడని చెప్పు. మీ అమ్మకి ఇంగ్లిష్ రాదు. రాత్రి వాడు భయపడి లేస్తే మీ అమ్మ పక్కలోకే పోతాడు, అక్కడ మాటలు కావాలి.

చెక్క ఇంజను ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది. ఆదివారం మీ నాన్నతో పంపిస్తున్నాను. వడ్రంగి దగ్గర కూర్చుని మేకులన్నీ పీకించి, చెక్క చీలలు కొట్టించాను. అంచులు గరుకు కాగితంతో నేనే రుద్దాను. నోట్లో పెట్టుకుంటాడని రంగు వేయించలేదు. చక్రాలు మార్చలేదు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: ఇంజను నీకు పంపుతున్నానని మీ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. సరే అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఎడమ వైపు వెనక చక్రం కొంచెం వంకర నాన్నా, వంపులో నెమ్మదిగా తిప్పమను” అన్నాడు.