కోడ్ రాయనివ్వకుండా టూల్ అప్పగించారు, ఏం చేయాలి?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ పూర్తిచేసి ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు సాఫ్ట్‌వేర్ రాసే) టీమ్‌లో ట్రైనీగా చేరాను. కోడింగ్ ఇవ్వకుండా స్టాటిక్ అనాలిసిస్ టూల్ (కోడ్‌ని రన్ చేయకుండానే చదివి తప్పులు వెతికే సాఫ్ట్‌వేర్) చూసుకోమన్నారు. బిల్డ్ బాగానే అవుతోంది కానీ, టూల్ రన్ చేస్తే వేలల్లో వార్నింగులు. కొన్ని ఫైళ్లు అసలు పార్స్ కావడం లేదు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. ఇందులోనే ఉండిపోతే కెరీర్ దెబ్బతింటుందా?

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. బిల్డ్ అవుతున్న కోడ్‌ని టూల్ చదవలేకపోతోందంటే, తప్పు చాలావరకు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. హెడర్ ఫైళ్లు ఎక్కడున్నాయో, ఏ మాక్రోలు డిఫైన్ అయ్యాయో కంపైలర్‌కి తెలుసు. టూల్‌కి మీరు చెప్పాలి. పైగా మైక్రోకంట్రోలర్ కంపైలర్లలో ఇంటరప్ట్ ఫంక్షన్ల కోసం ప్రామాణిక సి భాషలో లేని సొంత కీవర్డ్‌లు ఉంటాయి. అలాంటి ఒక్క పదం దగ్గర టూల్ తడబడితే, ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లను నమ్మలేం.

అందుకే రిపోర్టు మొత్తం పక్కన పెట్టి, పార్స్ కాని ఫైలు ఒక్కటి తీసుకోండి. మొట్టమొదటి ఎర్రర్ మాత్రమే చూడండి. బిల్డ్ లాగ్‌లో ఆ ఫైలు కంపైల్ చేసిన కమాండ్ వెతికి, అందులోని ఇన్‌క్లూడ్ పాత్‌లు, మాక్రోలు టూల్‌కి అందాయో లేదో సరిచూడండి. మీ చిప్‌లో ఇంట్ 16 బిట్లయితే, టూల్ 32 అనుకుంటోందేమో కూడా చూడాలి. చివరగా ఆ ఫైలు కాపీలో కావాలనే సున్నాతో భాగహారం ఒకటి రాసి, టూల్ పట్టుకుంటుందో లేదో పరీక్షించండి. పట్టుకోకపోతే టూల్ ఇంకా సరిగ్గా పనిచేయడం లేదన్నమాట, వార్నింగులు తగ్గాయని సంతోషించకండి.

ఇక మిగిలిన వార్నింగుల్లోనే అసలైన చదువు ఉంది. 8 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో 15 ఉందనుకోండి. బిట్లన్నీ తిరగేస్తే (0ని 1గా, 1ని 0గా మారిస్తే) 240 వస్తుందనుకుంటాం. కానీ సి భాష దాన్ని ముందు ఇంట్‌గా మారుస్తుంది, వచ్చేది మైనస్ 16. ఆ ఫలితాన్ని 240తో పోల్చే ఇఫ్ షరతు ఎప్పటికీ నిజం కాదు. కంపైల్ అవుతుంది, బోర్డు మీద మాత్రం పనిచేయదు. 1998లో మొదలైన మిస్రా సి (సి భాషను సురక్షితంగా వాడేందుకు పెట్టిన) నియమాలు ఇలాంటి గోతుల గురించే. వాహనాలు, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌లో వీటిపై పట్టున్నవాళ్లు చాలా అవసరం.

కాబట్టి ఇప్పుడే మానేయకండి. అయితే రిపోర్టును ఎక్సెల్‌లో పెట్టి పంపడంతోనే ఆగిపోతే మాత్రం మీ భయం నిజమవుతుంది. నిజమైన బగ్ అనిపించిన వార్నింగులు మూడు ఎంచుకుని, "వీటిని నేనే సరిచేసి బోర్డు మీద టెస్ట్ చేస్తాను" అని మీ లీడ్‌ని అడగండి. ఏ వార్నింగునైనా సప్రెస్ చేయాల్సి (రిపోర్టులో కనిపించకుండా ఆపేయాల్సి) వస్తే కారణం పక్కనే రాయండి, దాన్ని సీనియర్ చేత రివ్యూ చేయించండి. ఆరు నెలలు అడిగినా ఒక్క ఫిక్స్ కూడా మీ చేతికి ఇవ్వకపోతే, అప్పుడు వేరే టీమ్ చూసుకోవచ్చు. ఈలోగా ఆ మూడు ఫిక్స్‌ల వివరాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అవే పనికొస్తాయి.