పడవ కడుపులో ముప్పావు బకెట్ నీళ్లు

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో తిప్పుకుందామని పాత లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గంట తిప్పి ఒడ్డుకు లాగి వెనక బిరడా తీస్తే ముప్పావు బకెట్ నీళ్లు వస్తున్నాయి. అడుగున ఎక్కడా పగులు కనపడదు. అనుమానం ఉన్న చోటల్లా సిలికాన్ పూశాను, రెండు ట్యూబులు అయిపోయాయి, నీళ్లు మాత్రం తగ్గలేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ముందు ఆ సిలికాన్ పక్కన పడేయండి. సింకు అంచులకైతే సరే గాని, ఫైబర్ మీద అది పూసిన చోట మళ్లీ రెజిన్ (ఫైబర్‌ను అతికి గట్టిపడే జిగురు) పట్టదు, రంగూ పట్టదు. ఇప్పుడు అదంతా బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది తీయాల్సిందే. నా మొదటి పడవకి నేనూ ఇదే పని చేసి ఒక ఆదివారమంతా గీకుతూ కూర్చున్నాను లెండి.

అందరూ పడవ బోర్లించి అడుగు వెతుకుతారు, కానీ లేజర్‌లో చాలాసార్లు నీళ్లు పైనుంచే దిగుతాయి. మొదటి అనుమానం మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టే గుంట మీద పెట్టుకోండి. తెరచాప అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మాస్ట్ కూడా ఆ గుంటలో తిరుగుతుంది, అందులో నాలుగు ఇసుక రేణువులు పడ్డాయంటే చాలు, సన్నికల్లు నూరినట్టు అడుగు అరిగిపోతుంది. గుంట కడిగి, నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి అరగంట ఆగండి. గీత కిందికి దిగితే దొంగ దొరికినట్టే. అప్పుడిక వాయిదా వేయకండి, గాలి బరువంతా పడేది అక్కడే కాబట్టి ఒక గట్టి గాలికి మాస్ట్ డెక్కును (పడవ పై కప్పును) చీల్చుకుని వచ్చేస్తుంది. ఫ్యాను పెట్టి రెండు మూడు రోజులు బాగా ఆరనిచ్చి, లోపల గరుకు చేసి, అడుగున పల్చగా ఎపాక్సీ రెజిన్ పోయండి. మాస్ట్ ఊపితే చుట్టూ డెక్కు కూడా కదులుతోందంటే మాత్రం ఇది చాలదు, పక్కన డెక్కును చెయ్యి పట్టేంత కోసి, దానికి మూత బిగించుకుని, లోపలి నుంచి ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేయాలి.

మట్టం దిగలేదా? కాక్‌పిట్ (మనం కూర్చునే గుంట) ముందు గోడలో ఉండే సన్నని గాలి రంధ్రానికి టేపు అంటించి, వెనక బిరడా రంధ్రంలో పైపు పెట్టి నోటితోనే ఊదుతూ అంచులన్నిటికీ సబ్బునీళ్లు రాయించండి. డెక్కు, అడుగు కలిసే అతుకు, బెయిలర్ (కాక్‌పిట్ నీళ్లు బయటికి పంపేది), చుక్కాని స్క్రూలు... ఎక్కడ బుడగ లేస్తే అక్కడ. కంప్రెసర్ జోలికి మాత్రం పోవద్దు, బాగున్న అతుకు కూడా విచ్చుకుంటుంది. స్క్రూల దగ్గరైతే విప్పి మెరైన్ సీలెంట్ పెట్టి బిగిస్తే సరిపోతుంది. పనిలో పనిగా రూపాయి బిళ్లతో డెక్కంతా తట్టి చూడండి, ఠక్‌మనే చోట గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా మోగితే లోపల పొర ఊడినట్టు.

ఇంకో ముఖ్యమైన మాట. ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వేయడానికి పాలియెస్టర్ రెజిన్ కొంటే షాపువాళ్లు చాలాచోట్ల మూడు డబ్బాలు ఇస్తారు: రెజిన్, వంకాయ రంగులో ఉండే కోబాల్ట్, నీళ్లలా ఉండే క్యాటలిస్ట్. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది, మంటలు కూడా రావచ్చు. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. మే నెల ఎండలో అయితే కలిపిన రెజిన్ మగ్గులోనే గడ్డకడుతుంది, తెల్లవారుజామునే కానిచ్చేయండి.

ప్రశ్న: తెరచాపకు జానెడు చిరుగు పడింది. మా వీధి టైలర్‌కి ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా ఇవ్వండి, కాటన్ దారం మాత్రం వద్దని చెప్పండి, ఎండకూ తడికీ కుళ్లిపోతుంది. పాలియెస్టర్ దారం, జిగ్‌జాగ్ కుట్టు. అంతకుముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆరబెట్టి, రెండు వైపులా తెరచాప టేపు అంటించండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే వారానికే లేచిపోతుంది.