మీ నాయన ఆంప్లిఫయర్ సంగతి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ఆంప్లిఫయర్ పలకడం లేదనీ, బాగుచెయ్యడానికి ఒకాయన 9 వేలు అడిగాడనీ, ఇంకొకాయన పాతసామాన్లకు వేసెయ్యమన్నాడనీ రాశావు. ఇద్దరిలో ఎవరైనా మూత విప్పి చూశారా? విప్పకుండా చెప్పుంటే రెండు మాటలూ పక్కన పెట్టు.

ముందు, "ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దాం" అనుకోవద్దు. నేను పని నేర్చుకునే రోజుల్లో తిరుపతిలో ఒక భజనమందిరం సెట్టుకు ఫ్యూజు పోయిందని కొత్తది వేసి నేరుగా కరెంటు ఇచ్చాను. లోపల స్పీకర్లను నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయి ఉంది. అది పక్కవాటినీ తీసుకుపోయింది. ఆ శనివారం భజన మైకు లేకుండానే జరిగింది. పెద్దలు ఒక్క మాటా అనలేదు. తిట్టుంటే బాగుండేది.

ప్లగ్గు పీకి ఒక రోజు ఆగి మూత తియ్యి. పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, వేళ్లు పెట్టొద్దు. బల్లి ఎండిపోయి ఉంటే దులుపు, అదేం వింత కాదు. నువ్వు వెతకాల్సింది ఇంతకుముందు ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది. ఫ్యూజు మీద రాగి పోగు చుట్టి ఉందా? సోల్డరింగ్ ముద్దలు ముద్దలుగా ఉందా? ఎడమ, కుడి ఛానెళ్లు రెండింట్లో వేరువేరు ట్రాన్సిస్టర్లు ఉన్నాయా? ఎవరూ ముట్టని మూగ సెట్టయితే నేను సంతోషంగా పని మొదలుపెడతాను. ముగ్గురు ముట్టింది మోగుతున్నా నాకు వద్దు.

రాగి పోగు కనబడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం పెట్టుకో. కరగాల్సిన ఫ్యూజు కరగకపోతే ఆ వేడంతా ట్రాన్స్‌ఫార్మర్‌లోని తీగచుట్టే, అంటే వైండింగే మోస్తుంది. దగ్గరగా వాసన చూడు. కమురు వాసన కొడితే నా లెక్కలో అక్కడికి ఆగిపోవచ్చు. మళ్లీ చుట్టేవాళ్లు ఉన్నారు, కానీ అవే వోల్టేజీలు వచ్చేలా, అదే చోట పట్టేలా, గుయ్యిమనకుండా చుట్టడం అందరి చేతా కాదు. వెనకాల వోల్టేజీ స్విచ్చు ఉంటే 120 మీద ఉందో 220 మీద ఉందో చూడు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, కాబట్టి 220 మీదే ఉండాలి. పిల్లలెవరైనా 120కి తిప్పి ఉంటే మొత్తం కథ అదే.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుంటే మిగతావి పెద్ద లెక్క కాదు. కెపాసిటర్లలో ద్రవం ఏళ్ల తరబడి ఎండిపోతుంది, తలలు ఉబ్బుతాయి. అవి మార్చడం చవకే. వాల్యూం తిప్పితే గరగరమనేది లోపలి మురికి. ఔట్‌పుట్‌లో విడివిడి ట్రాన్సిస్టర్లుంటే బదులు దొరుకుతాయి. ఇక్కడ లేకపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతుకుదాం. విడి ట్రాన్సిస్టర్ల బదులు అన్నీ ఒకే ముక్కలో ఇమిడ్చిన, ఎస్‌టీకే అని రాసిన నల్లటి ముద్ద ఉంటే మాత్రం నాకు టెన్షనే. దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ.

ఇవన్నీ చూశాకే సిరీస్ బోర్డు. 100 వాట్ల పాత రకం బల్బు ఆంప్లిఫయర్‌కు వరసలో పెట్టి కరెంటు ఇస్తాం. ఒక్కసారి వెలిగి మసకబారితే ఊపిరి పీల్చుకోవచ్చు. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టున్నట్టు. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని జరగదు. మసకబారాక కూడా వెంటనే స్పీకర్లు తగిలించకూడదు. ముందు స్పీకర్ వైర్లు బిగించే టెర్మినళ్ల దగ్గర డీసీ, అంటే బ్యాటరీలో ఉండే రకం వోల్టేజీ, ఎంతుందో కొలవాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. వోల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

9 వేలు ఎక్కువా తక్కువా అని అడిగావు. దేనికెంతో ఆయన్ని కాగితం మీద రాసిమ్మను. రాయనంటే వద్దు.

అది మద్రాసు బర్మా బజారులో బావా నేనూ కలిసి కొన్నది. దుప్పట్లో చుట్టి రైల్లో చెరోవైపు పట్టుకుని తెచ్చాం. మా అక్క ఇప్పటికీ దాని మీద గుడ్డ కప్పుతుందని తెలుసు. అది లెక్కలోకి రాదని నేననను. కానీ కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ పేరుతో డబ్బు పొయ్యొద్దు. అలాంటప్పుడు తుడిచి, గుడ్డ కప్పి అలమారలోనే ఉంచు.

వాసన లేకపోతే ఆదివారం తిరుపతికి తీసుకురా. బస్సులో పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు బరువెక్కువ, ఆ వైపు నీ వైపుకు తిప్పుకో. బల్బు నా దగ్గరుంది.

మీ మామ