హోమ్ థియేటర్ కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మేడ మీద వాటాలో అద్దెకు ఉంటున్నాం. కోతలన్నీ పోగా నెలకు నాకు 74,000, జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పే నా భార్యకు 38,000 రూపాయలు చేతికి వస్తాయి. ఐదేళ్ల పాప ఉంది. అద్దె 18,000, ఇంటి ఖర్చు 30,000, బడి ఫీజు నెలకు సగటున 6,000, కారు వాయిదా 11,400 (ఇంకా 22 నెలలు), అమ్మానాన్నలకు 8,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) 10,000. నెలాఖరుకు 12,000 మిగులుతుంది. ఏటా 80,000 బోనస్ వస్తుంది. బ్యాంకులో 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. చిన్నప్పుడు గాంధీనగర్ థియేటర్లలో సినిమాలు చూసిన రోజుల నుంచి ఇంట్లో ఒక మంచి హోమ్ థియేటర్ ఉండాలన్నది నా కోరిక. ఖాళీగా ఉన్న రెండో పడకగదిలో 65 అంగుళాల ఓఎల్ఈడీ టీవీ (1,70,000), స్పీకర్లను నడిపే ఏవీ రిసీవర్ (75,000), 5.1.2 స్పీకర్లు, అంటే చుట్టూ ఐదు, ఒక సబ్ వూఫర్, పైనుంచి వచ్చే ధ్వనికి రెండు (1,40,000), గేమింగ్ కన్సోల్ (55,000), గేమింగ్ పీసీ (1,60,000), కుర్చీలు, కేబుళ్లు, గోడల ఏర్పాట్లు (40,000), వెరసి 6,40,000 రూపాయలతో అమర్చాలనుకుంటున్నాను. డిపాజిట్ రద్దు చేసి, టీవీని 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ మీద తీసుకుని, మిగిలిన 1,70,000కు మూడేళ్ల వ్యక్తిగత రుణం (14 శాతం) తీసుకోవాలని ఆలోచన. మా ఆవిడకు టీవీ సంగతి వరకే చెప్పాను. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ కోరికలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నెలకు లక్షకు పైగా సంపాదించే కుటుంబం రెండు మూడేళ్ల వ్యవధిలో నాలుగైదు లక్షలు సరదాకు ఖర్చు పెట్టుకోవడం అత్యాశ కాదు. చిక్కంతా మీరు డబ్బు తెచ్చే మార్గాల్లోను, అన్నీ ఒకేసారి కొనాలనే తొందరలోను ఉంది. అదీకాక, మీరు రాసిన లెక్కలో మీరే గమనించని ఒక చిల్లు కనిపించింది. మీ ఇద్దరి ఆదాయం 1,12,000. చెప్పిన ఖర్చులు, సిప్ కలిపితే 83,400. అంటే 28,600 మిగలాలి. కానీ మిగులుతున్నది 12,000 అంటున్నారు. నెలకు 16,600 రూపాయలు ఎటు పోతున్నాయో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఏ వస్తువూ కొనకముందు మూడు నెలల యూపీఐ చెల్లింపులను, కార్డు బిల్లులను ఒక కాగితం మీద రాసి చూడండి. నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో ఆ డబ్బు మూడొంతులు తిండి ఆర్డర్లకు, వాడని చందాలకు పోతుంది.

ఇప్పుడు మీ పథకం సంగతి. టీవీ వాయిదా నెలకు 9,444, వ్యక్తిగత రుణం వాయిదా సుమారు 5,810, రెండూ కలిపి 15,250 దాకా అవుతాయి. మీ చేతిలో మిగిలేది 12,000. మొదటి నెల నుంచే 3,000 పైచిలుకు లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదికి వెళుతుంది. కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వాయిదా వేస్తే నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ పడుతుంది. ఆ వడ్డీతో పోలిస్తే ఏడాదికి 14 శాతం పడే రుణమే నయమనిపిస్తుంది. రుణం మీద మూడేళ్లలో మీరు కట్టే వడ్డీ 39,000 పైన ఉంటుంది. మీ జాబితాలో గది ఏర్పాట్లకు కేటాయించిన మొత్తం దాదాపు అంతే.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని వడ్డీ లేని అప్పు అనే అనుకుంటున్నారు. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని, వడ్డీని మరో పేరుతో వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ తరువాత వచ్చిన పద్ధతి ఏమిటంటే, బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని వస్తువు ధరలో ముందే తగ్గింపుగా చూపిస్తారు. మీ టీవీ విషయంలో కార్డు వడ్డీ 16 శాతం అనుకుంటే 18 నెలల్లో వడ్డీ 19,700 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 3,550 రూపాయలు, మీరే కట్టుకోవాలి. ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. అసలు నష్టం వేరే ఉంది: ఆ 19,700 తగ్గింపులో ఎంతో కొంత రొక్కానికి కొనేవారికి కూడా దక్కేదే. ఏలూరు రోడ్డులోనో బందరు రోడ్డులోనో దుకాణానికి వెళ్లినప్పుడు ఈఎంఐ మాట ఎత్తకుండా, పూర్తి చెల్లింపుకు ఆఖరి ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాతే వాయిదాల సంగతి అడగండి. రెండు అంకెల మధ్య తేడాయే మీ వడ్డీ.

డిపాజిట్ జోలికి మాత్రం వెళ్లవద్దు. సిప్‌ను పక్కన పెట్టినా, అద్దె, ఇంటి ఖర్చు, బడి ఫీజు, కారు వాయిదా, పెద్దవాళ్లకు పంపేది కలిపి నెలకు 73,400 తప్పనిసరి. ఆరు నెలలకు 4,40,400 కావాలి. మీ దగ్గర ఉన్న 3 లక్షలు నాలుగు నెలలకు సరిపోతాయి, అంతే. ఇప్పటికే 1,40,000 తక్కువగా ఉన్న అత్యవసర నిధిని రద్దు చేస్తే గడువుకు ముందు తీసినందుకు వడ్డీలో కోత పడటం చిన్న విషయం, ఉద్యోగం మారే రోజున చేతిలో ఏమీ లేకపోవడం పెద్ద విషయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మీ ప్రాంతాన్ని ముంచినప్పుడు ఎన్ని ఇళ్లలో గోరుచుట్టు మీద రోకటి పోటు పడిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

వస్తువుల ఎంపిక విషయానికి వస్తే, ధరను బట్టి కాకుండా ఆయుష్షును బట్టి వరుస వేసుకోమని నేను ఈ అభిరుచి ఉన్న ప్రతి ఖాతాదారుకూ చెబుతుంటాను. మీ జాబితాలో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేవి స్పీకర్లు. రిసీవర్ నుంచి విద్యుత్తు తీసుకునే మామూలు స్పీకరులో పాతబడిపోయే సాఫ్ట్‌వేర్ ఉండదు, మారిపోయే ప్రమాణాలు ఉండవు. చెక్క పెట్టె, అయస్కాంతం, తీగచుట్ట, కాగితపు కోను, అంతే. జాగ్రత్తగా వాడుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు మోగుతాయి, అమ్మినా గౌరవప్రదమైన ధర పలుకుతాయి. వాడినవి కొనాలనుకున్నా ఇవే మేలైనవి. చూడబోయేటప్పుడు ముందరి గుడ్డ తీసి, కోను చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా నొక్కి చూడండి. రబ్బరు అంచు వంగి తిరిగి లేస్తుంది. ఫోమ్ అంచు మన ఉక్క వాతావరణంలో కొన్నేళ్లకు బంకగా మారి పొడిపొడిగా రాలుతుంది, అలాంటిది వద్దు.

రిసీవర్ అలా కాదు. దాని ఆయుష్షు లోపలి యాంప్లిఫయర్‌ది కాదు, వెనక ఉండే, చిత్రం, ధ్వని సిగ్నల్ మోసే హెచ్‌డీఎంఐ సాకెట్లది. సెకనుకు 18 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ 2.0 స్థానంలో 48 గిగాబిట్లు మోయగల 2.1 రాగానే, 4కె చిత్రాన్ని 120 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 120 ఫ్రేముల చొప్పున పంపే కన్సోళ్లకు పాత రిసీవర్లు పనికిరాకుండా పోయాయి. 2020లో వచ్చిన తొలి తరం 2.1 రిసీవర్లలో కొన్నిటి చిప్‌లోనే లోపం ఉండి, ఆ సిగ్నల్ సరిగా దాటేది కాదు. కాబట్టి అన్నిటికంటే ఖరీదైన రిసీవర్ మీద మోజు పడకుండా, కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపి, ధ్వనిని ఈఆర్క్ (టీవీ నుంచి ధ్వనిని బయటికి పంపే హెచ్‌డీఎంఐ) సాకెట్ ద్వారా రిసీవర్‌కు పంపుకునే మధ్యరకం మోడల్ తీసుకుంటే మీ 75,000లో కూడా కొంత మిగలవచ్చు.

టీవీకి ఏడెనిమిదేళ్లు లెక్క వేసుకోండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త మోడళ్లు దిగినప్పుడల్లా కిందటేటి మోడల్ ధర ఇంకా దిగుతుంది. కనుక టీవీ విషయంలో ఆగినవాడికి నష్టం లేదు. ఒక్క హెచ్చరిక: ఓఎల్ఈడీ తెర మీద కదలని బొమ్మ గంటల తరబడి ఉంటే దాని మచ్చ మిగిలిపోయే ప్రమాదం ఉంది. మీ నాన్నగారు వచ్చినప్పుడు రోజంతా వార్తల ఛానల్ పెట్టుకుని, మూలన లోగో, అడుగున ఎర్ర పట్టీ కదలకుండా ఉంటే ఆ తెర తట్టుకోవడం కష్టం. వార్తలకు మీ పాత టీవీనే హాల్లో ఉంచండి.

కన్సోల్ వేరే రకం. సోనీ కన్సోల్ పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990కి విడుదలై, తరువాత 54,990కి పెరిగింది. వెనకటిలా ఏళ్లు గడిచేకొద్దీ చవకవుతుందని ఎదురుచూడటంలో అర్థం లేదు. అలాగని తొందరా అక్కరలేదు. కొనే రోజున డిస్క్ పెట్టే వీలున్నదే తీసుకోండి. కొత్త ఆటలు ఒక్కొక్కటి 5,000 దాకా ఉంటాయి, డిస్క్ అయితే ఆడటం అయిపోయాక అమ్ముకోవచ్చు, డౌన్‌లోడ్ అయితే అది మీ ఖాతాలోనే ఉండిపోతుంది.

ఇక గేమింగ్ పీసీ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: దీన్ని జాబితా నుంచి తీసేయండి, కనీసం కారు అప్పు తీరేవరకు. పీసీలో ఆటల బొమ్మలను గీసే గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా 2020 సెప్టెంబరులో 30 సిరీస్, 2022 అక్టోబరులో 40 సిరీస్, 2025 జనవరిలో 50 సిరీస్ కార్డులు తెచ్చింది. రెండేళ్లకో రెండుంబావుకో కొత్త తరం వచ్చే వస్తువును మూడేళ్ల అప్పు మీద కొంటే, కార్డు పాతబడ్డాక కూడా వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. పైగా 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. కన్సోల్ ఉండగా అదే గదిలో పీసీ కూడా కావాలా అన్న ప్రశ్న మీరే వేసుకోవాలి.

పీసీని పక్కన పెడితే మిగిలేది 4,80,000. దాన్ని అప్పు లేకుండా ఇలా సమకూర్చుకోవచ్చు. ఖర్చులకు కళ్లెం వేసి 28,600 నిజంగా మిగిల్చినప్పుడు, అందులో 10,000 అత్యవసర నిధికి, 12,000 ఈ సరదా కోసం విడిగా తెరిచిన రికరింగ్ డిపాజిట్‌కు పంపండి. బోనస్‌లో సగం, అంటే 40,000, ఈ ఖాతాకే చేర్చండి. ఏడు నెలలు తిరిగి, మధ్యలో బోనస్ వచ్చేసరికి 1,24,000 ఉంటుంది. దానితో రిసీవర్, ముందు స్పీకర్ల జత కొనండి. ఇప్పుడున్న టీవీకే వాటిని కలిపి వినండి. చిత్రం కంటే ధ్వని తేడాయే ముందు తెలుస్తుందని మీకూ తెలుసు. పద్నాలుగు నెలలకు అత్యవసర నిధి 4,40,000 చేరుతుంది, అప్పుడు ఖాళీ అయ్యే 10,000లో సగం ఈ ఖాతాకు మళ్లిస్తే, రెండో బోనస్‌తో కలిపి ఏడాదిన్నర నాటికి టీవీ పూర్తి చెల్లింపుతో వస్తుంది. మిగిలిన స్పీకర్లు, కన్సోల్, గది ఏర్పాట్లు రెండున్నరేళ్ల లోపు పూర్తవుతాయి. మీ పథకం ప్రకారమైతే అప్పటికి వ్యక్తిగత రుణంలో ఇంకా ఆరు వాయిదాలు మిగిలి ఉంటాయి. సిప్ 10,000 ఈ కాలమంతా కదపవద్దు.

మీరు లెక్కలో చేర్చని ఖర్చు కరెంటు బిల్లు. మన ఎండల్లో తలుపులు మూసిన గదిలో ఏసీ లేకుండా రెండు గంటల సినిమా చూడటం జరగని పని. రోజుకు నాలుగు గంటలు ఏసీ, టీవీ, రిసీవర్, కన్సోల్ నడిస్తే నెలకు 150 యూనిట్లకు పైనే అదనంగా కాలుతుంది. మన టారిఫ్‌లో 226 నుంచి 400 వరకు యూనిట్ 8.75, ఆపైన 9.75 రూపాయలు కనుక, వేసవిలో నెలకు 1,300 నుంచి 1,500 వరకు పక్కన పెట్టుకోండి.

అద్దె ఇల్లు కాబట్టి పైకప్పుకు రంధ్రాలు వేయించి బిగించే, ధ్వని పైనుంచి వచ్చే అట్మాస్ స్పీకర్లు కాకుండా, ఇల్లు మారితే మోసుకుపోగలిగేవే ఎంచుకోండి. అద్దెకున్నవారు కూడా భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీని సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. వరద, పిడుగు, అగ్నిప్రమాదం అందులో ఉంటాయి. వోల్టేజి హెచ్చుతగ్గులకు సర్క్యూట్ కాలిపోతే మాత్రం అది రాదు, అందుకు ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత చూపించి మంచి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. వరద తరువాత కింది వాటాలో ఉండే మా ఖాతాదారు ఒకరి ఇంటికి వెళ్లినప్పుడు, ఎండలో ఆరబెట్టిన సబ్ వూఫర్ పెట్టె బిస్కట్టులా ఉబ్బి, మూలలు విచ్చుకుని ఉంది. ఆయన దగ్గర పాలసీ లేదు, బిల్లు కూడా లేదు. మీరు కొనే ప్రతి వస్తువు జీఎస్టీ బిల్లును, సీరియల్ నంబరును ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి.

టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) ప్రస్తావన మీ ఉత్తరంలో లేదు. ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో మీ పేరు మీద ఒక కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకున్నాకే మొదటి స్పీకర్ కొనాలన్నది నా షరతు. టీవీల మీద పన్ను తగ్గిన రోజే వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా ఎత్తివేశారు. పొగతాగే అలవాటు లేకపోతే మీ వయసుకు నెలకు సుమారు 1,300 పక్కన పెడితే ఏడాది ప్రీమియానికి సరిపోతుంది.

ఈ లెక్క అంతా మీ ఆవిడ ముందు పెట్టండి. నెలకు 12,000 పోగేయాల్సింది ఇద్దరి జీతాల్లోంచి కనుక, టీవీ ఒక్కటే తెలిసిన మనిషికి ఏడో నెలలో ఇంటికి రిసీవర్ డబ్బా రావడం సబబు కాదు. గది కొలతలు కూడా అప్పుడే తీసుకోండి. కూర్చునే చోటు నుంచి తెర వరకు ఏడడుగులు కూడా రాకపోతే 65 అంగుళాలకు బదులు 55 చాలు, ఆ తేడా డబ్బు స్పీకర్లకు పనికివస్తుంది.