నాయిన దుకాణం, పది అక్షరాలు, ఒక తేలియా రుమాలు

మీరు అడిగింది ఇది: "వారసత్వంగా వచ్చిన బట్టల దుకాణం చుట్టూ ఒక మిస్టరీ కథ రాస్తున్నాను. హత్యలు, రక్తం వద్దు. అలాంటి దుకాణంలో నిజంగా ఏ రహస్యాలు దాగి ఉంటాయి? ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?"

కథ ఎలా రాయాలో నాకు తెలియదు. నల్లగొండలో క్లాక్ టవర్ సెంటర్‌కి దగ్గర్లో మాకు ఒక బట్టల దుకాణం ఉంది. తాత పెట్టారు, నాయిన నడిపారు. 2018లో నాయిన పోయాక తాళంచెవులు నా చేతికి వచ్చాయి. ఆ తర్వాత మూడు నెలల్లో జరిగింది చెబుతాను. మీకు పనికొచ్చేది మీరే తీసుకోండి.

మా దుకాణంలో ప్రతి చీరకూ దారంతో కట్టిన చిన్న అట్ట చీటీ ఉంటుంది. ఒకవైపు అమ్మే రేటు అంకెల్లో ఉంటుంది. వెనకవైపు నాయిన పెన్సిల్‌తో రాసిన అక్షరాలు. ఒకదాని మీద "సోఛాశ్వతో". ఇంకోదాని మీద "ఛానిశ్వతో". చిన్నప్పుడు వాటిని మంత్రాల్లా చదువుకునేదాన్ని.

అది కొన్న ధర. గిరాకీకి తెలియకుండా పాత వ్యాపారులు అక్షరాల్లో రాసుకునేవారు. ఏ అక్షరమూ రెండోసారి రాని పది అక్షరాల మాట ఒకటి మనసులో పెట్టుకుంటారు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా పోయి చివరిది సున్నా. బేరం గట్టిగా నడుస్తున్నప్పుడు చీటీ తిప్పి చూస్తే ఎంతవరకు దిగొచ్చో తెలిసిపోతుంది. మా దగ్గర ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా కాకకు కూడా మా మాట తెలియదు. బేరం తెగకపోతే ఆయన చీటీ పట్టుకొని గల్లా దగ్గరికి వచ్చేవారు, నాయిన చూసి ఒక అంకె చెప్పేవారు. అంతే. ఆ మాట నాయినతోనే పోయింది.

సరుకు విలువ లెక్క కట్టాలి, లెక్కలు రాసే ఆయన తొందరపెడుతున్నారు. బీరువా మీద రేకు డబ్బాలో, తీగకు గుచ్చిన పాత బిల్లులు దొరికాయి. గద్వాల నుంచి వచ్చిన ఒక బిల్లులో ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, 3,150 రూపాయలు. ఆ చీర ఇంకా ర్యాకులోనే ఉంది. చీటీ తిప్పితే "సోఛాశ్వతో". సో అంటే మూడు, ఛా ఒకటి, శ్వ అయిదు, తో సున్నా. ఇంకో నాలుగు బిల్లులు జత కుదిరేసరికి ఏడు అక్షరాలు వచ్చాయి. మిగిలిన మూడు ఎంతకీ తేలలేదు.

చివరికి అవి దొరికింది ఖాతా పుస్తకంలో. ప్రతి ఏడాది కొత్త ఖాతా తెరిచినప్పుడు నాయిన మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి ఒకే వాక్యం రాసేవారు: "ఛాయాసోమేశ్వరుని దయతో". ఛా, యా, సో, మే, శ్వ, రు, ని, ద, య, తో. వేళ్ల మీద లెక్కపెట్టాను. పది. ఒక్క అక్షరం కూడా రెండోసారి రాలేదు. నలభై ఏళ్లు అందరి కళ్ల ముందే ఉన్న మాట అది. ఆ రోజు గల్లా ముందు కూర్చొని ఏడ్చాను.

మీది మా వైపు ఊరు కాకపోతే ఒక ముక్క చెప్పాలి. పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయం ఉంది, నల్లగొండ పక్కనే. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ రోజంతా కదలకుండా నిలబడుతుంది. ఎదురుగా వెతికితే ఆ నీడకు సరిపోయే స్తంభం కనబడదు. బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు వల్ల అది పడుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. నాయిన ప్రతి కార్తీకంలో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లేవారు. నీడ చూపించి, "ఏ స్తంభానిదో చెప్పు" అని అడిగేవారు.

ఇక్కడిదాకా సంతోషంగానే ఉంది. కష్టం తర్వాత వచ్చింది. పది అక్షరాలతో సరుకంతా విలువ కట్టి పుస్తకాల్లో ఉన్న లెక్కతో పోలిస్తే 42 వేలు తక్కువ వచ్చింది. చీరల సంఖ్య మాత్రం సరిపోయింది. అంటే ఎవరో ఖరీదైన చీరలు తీసి అదే చోట తక్కువ రకం పెట్టారనే కదా అనుమానం వస్తుంది? మా బంధువుల్లో ఒకాయన కాక పేరు ఎత్తారు. నేను కాదనలేదు. కాక దగ్గరికి వెళ్లి లెక్క తేలట్లేదు, మీకేమైనా తెలుసా అని అడిగాను. నేను అడిగిన తీరులోనే ఆయనకు అర్థమైపోయింది.

"ముప్పై ఏండ్లల్ల గల్లాల చెయ్యి వెట్టలే బిడ్డా. లెక్క ఇంకోపాలి చూడు," అన్నారు. మర్నాటి నుంచి రాలేదు.

ముడి విప్పింది మా అమ్మ. నేను తక్కువ రకం అనుకొని పక్కన పెట్టిన ఆరు గద్వాల చీరల్లో ఒకదాన్ని అమ్మ ఒళ్లో వేసుకొని అంచు లోపలి వైపు తిప్పింది. "గిది రెండు వేల చీరనా? కుట్టు చూడు," అంది. గద్వాల చీరలో ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. ఒంటి నూలూ అంచు పట్టూ నేతలోనే ఒకదాన్నొకటి పట్టుకొని కలుస్తాయి, దాన్నే కుట్టు అంటారు. చేతితో నేసిన దాంట్లో ఆ జోడింపు వేలికి తగులుతుంది. ఆ ఆరింటిలోనూ తగిలింది.

మళ్లీ చీటీ చూశాను. నేను "యామేతోతో" అని చదివాను, అంటే 2,400. ఈసారి భూతద్దం పెట్టి చూస్తే అది "యమేతోతో". నాయినకు పెన్సిల్ ఎత్తకుండా రాసే అలవాటు. య చివరి గీత సాగి దీర్ఘంలా కనబడింది. యా అంటే రెండు, య అంటే తొమ్మిది. ఒక్కో చీర 9,400. తేడా ఒక్కోదానికి ఏడు వేలు, ఆరు చీరలకు సరిగ్గా 42 వేలు. దొంగతనమైతే తేడా అంత సమంగా రాదు కదా, ఏడుతో భాగించి చూడాలని నాకు ముందే తట్టాల్సింది. మీ కథలో డిటెక్టివ్‌కు అది తట్టనివ్వండి.

ఆ సాయంత్రమే అమ్మా నేనూ కాక ఇంటికి వెళ్లాం. క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన భార్య చాయ్ తెచ్చాక, "సోమారం వస్తా," అన్నారు. వచ్చారు.

కథకు పనికొస్తాయనిపించిన ఇంకొన్ని సంగతులు. తాత కాలం చిట్టా మీద 1357 అని ఉంటే అది ఆరు వందల ఏళ్ల కిందటిది కాదు, ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో లెక్కలన్నీ అలాగే రాసేవారు. 590 కలపండి, 1947 అక్టోబరు నుంచి మొదలైన ఏడాది అది. అందులో ఉన్న రూపాయలు హాలీ సిక్కా, అంటే నిజాం సొంత నాణెం, ఇంగ్లీషు వాళ్ల రూపాయి కంటే విలువ తక్కువ. ఈ రెండూ తెలియని మనవరాలు అప్పు లెక్క తప్పు కట్టిందంటే నమ్మేలా ఉంటుంది. ఉద్దెర పుస్తకం మరీ ముఖ్యం. అందులో పేర్లుండవు. "బావి కాడి ఆమె", "ఎర్ర సైకిల్ సారు" అని ఉంటుంది. ఎవరో గుర్తుపట్టడమే ఒక పరిశోధన. ఇకత్ పేరుతో అచ్చు బట్ట అంటగట్టిన మోసం పెట్టాలంటే బట్ట వెనక్కి తిప్పించండి. అచ్చు వేసింది వెనక వెలిసినట్టుంటుంది. నూలుకే రంగు అద్ది నేసింది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి.

ఇక రుమాలు సంగతి.

ఇనుప బీరువా అడుగున పాత ధోవతిలో చుట్టిన ఒక మూట. విప్పగానే నూనె వాసన. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల తేలియా రుమాలు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత పడుగుకూ పేకకూ విడివిడిగా ముడులు వేసి రంగు అద్దుతారు. మగ్గం మీద రెండూ ఒక దగ్గరికి వచ్చినప్పుడే పువ్వు పూర్తవుతుంది. ఎన్నేళ్లయినా ఆ వాసన పోదు. దాని చీటీ మీద అమ్మే రేటు లేదు. వెనకవైపు మాత్రం "పు. తో తో తో".

సున్నా, సున్నా, సున్నా. కొన్నది కాదన్నమాట. మరి ఎవరిది?

నాయిన చేతి డైరీలో ప్రతి దసరా ముందు అదే "పు." కనిపించింది. "పు. నూలుకు మేతోతోతో." అంటే 4,000. పుణ్యానికి ఇచ్చినవేమో అంది అమ్మ. పుణ్యం చేసినా నాయిన దాన్ని పుస్తకంలో రాసే మనిషి కాదు. కాకను అడిగితే రుమాలు చేతిలోకి తీసుకొని వాసన చూసి, "పుట్టపాక," అన్నారు.

చిట్యాల, చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపూర్ వైపు వెళ్లాం, కాకా నేనూ. పుట్టపాక మా పాత నల్లగొండ జిల్లాలోదే, 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరిలోకి పోయింది. రుమాలు చూపిస్తూ నాలుగు ఇళ్లు తిరిగాం. అయిదో ఇంట్లో నా ఈడు మనిషి ఒకామె ఆసు యంత్రం దగ్గర కూర్చొని ఉంది. ఆసు అంటే ముడులు వేసి రంగు అద్దడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ పోయడం. చింతకింది మల్లేశం గారు తల్లి పేరు పెట్టి తయారుచేసిన లక్ష్మి ఆసు యంత్రం అది. అంతకుముందు ఆ పని ఆడవాళ్లు చేత్తోనే చేసేవారు, రోజుకు వేల సార్లు చెయ్యి ఆ చివరి నుంచి ఈ చివరికి పోవాలి. రుమాలు చూడగానే ఆమె లేచి నిలబడింది.

అది వాళ్ల నాయిన నేసింది. నూలు ధర ఉన్నట్టుండి పెరిగిన ఒక ఏడాది పెట్టుబడి లేక మా నాయిన దగ్గరికి వచ్చి, కుదువ పెట్టుకొమ్మని ఇచ్చిపోయారట. కుదువ అనుకొని ఉంటే నాయిన అసలు రాసేవారు, మిత్తి రాసేవారు. ఆయన సున్నాలు రాసి బీరువాలో పెట్టారు. పైగా ఏటా నూలుకు డబ్బు పంపారు.

"మీ నాయిన కాడ ఉన్నదని మాకు ఎరుకే అక్కా. పైసలు కట్టకుంట ఎట్ల అడుగుతం?" అంది.

వాళ్ల నాయిన కూడా పోయారు, మా నాయిన కంటే ముందే. మా నాయినకు ఆ సంగతి తెలిసిందో లేదో డైరీలో లేదు. చివరి దసరా ముందు కూడా 4,000 రాసి ఉంది.

ఆమె రుమాలు నేల మీద పరిచి ఒక మూల చూపించింది. అక్కడ ముడి జారి ఒక తెల్ల చుక్క గడిలో నుంచి కొంచెం పక్కకు పోయింది. "ఇది ఆయన చెయ్యే. కండ్లు కనపడకుంట అయినంక నేసిండు," అంది. మడత పెట్టేటప్పుడు నేను చీటీ తెంపబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనియ్యి అక్కా. మీ నాయిన చేతిరాత గదా."